బడిలో పిల్లల కీళ్లు కూడా చూడండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు,

ఏటా ఒకసారి మీ శాఖ బండి సర్కారు బడి ముందు ఆగుతుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం దిగుతుంది. పిల్లల్ని వరుసలో నిలబెట్టి బరువు తూస్తారు, ఎత్తు కొలుస్తారు. కింది రెప్ప లాగి రక్తహీనత ఉందేమో చూస్తారు. పళ్లు, చెవులు చూస్తారు, దూరాన చార్టు పెట్టి అక్షరాలు చదివిస్తారు. అంగన్‌వాడీలకైతే ఏడాదికి రెండుసార్లు వెళ్తారు. 2013లో మొదలైన ఈ కార్యక్రమం కోసం కేంద్రం 30 సమస్యల జాబితా ఇచ్చింది. గ్రహణం మొర్రి నుంచి పుప్పిపళ్ల దాకా, రికెట్స్ నుంచి మూర్ఛ దాకా అందులో ఉన్నాయి. గుండె కవాటాలను చెడగొట్టే రుమాటిక్ జబ్బు కూడా ఉంది. పిల్లల కీళ్లవాతం లేదు.

నేను ఒక జిల్లా కేంద్రంలో పిల్లల డాక్టరుని. మా ఊరు రెండు రాష్ట్రాల సరిహద్దుకు దగ్గర. అటు పిల్లలూ ఇటు పిల్లలూ ఒకే జబ్బుతో, ఒకేలా ఆలస్యంగా మా ఓపీకి వస్తారు. అందుకే మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. మీ బృందాలు చూసే జాబితాలో కీళ్లను కూడా చేర్చమనీ, అలా దొరికిన పిల్లలకు ఆపైన దారి వేయమనీ అడగడానికే ఇది.

కీళ్లవాతం తాతలకూ అమ్మమ్మలకూ వచ్చేదని ఊళ్లో అందరూ అనుకుంటారు. డాక్టర్లలోనూ అలా అనుకునేవాళ్లు ఉన్నారు. పదహారేళ్లు నిండకముందే ఒక కీలో పది కీళ్లో వాచి, ఆరు వారాలు దాటినా వాపు తగ్గక, ఎంత వెతికినా వేరే కారణం దొరక్కపోతే దాన్ని జువెనైల్ ఇడియోపథిక్ ఆర్థ్రైటిస్ అంటారు. మేం జేఐఏ అంటాం. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే, కంచె చేను మేసినట్టు, కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. తల్లి పెట్టిన తిండి వల్లా రాదు, చన్నీళ్ల స్నానం వల్లా రాదు. పాశ్చాత్య దేశాల లెక్కల్లో దాదాపు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. అందులో సగమే మనకు వర్తిస్తుందనుకున్నా మన సగటు జిల్లాలో ఇలాంటి పిల్లలు వంద మందికి తగ్గరు. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రిలో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే డాక్టరు 22 మంది పిల్లల్ని గమనించి, పెద్దవాళ్ల కీళ్లవాతం వేరు, పిల్లల్లో కనబడేది వేరు అని 1897లోనే రాశాడు. అంత పాత సంగతి మన బడి దాకా ఇంకా రాలేదు.

ఈ పిల్లలు నొప్పి అని నోరు తెరిచి చెప్పడం తక్కువ. మూడేళ్ల పిల్లకైతే మోకాలు నొప్పిగా ఉండడమే మామూలనిపిస్తుంది. పొద్దున్న లేవగానే కీళ్లు పట్టేసి ఉంటాయి. గోడ పట్టుకుని నడుస్తారు, మెట్లు ఒక్కో కాలే దించుతూ దిగుతారు. మగ్గు ఎత్తలేరు, కుళాయి తిప్పలేరు, లెట్రిన్‌లో గొంతుక్కూర్చోలేరు. పది, పదకొండు గంటలకల్లా ఆ పట్టు సడలుతుంది. సాయంత్రం అదే పిల్ల వీధిలో పరుగెడుతుంది. ఆరింటికి తల్లి చూసే పిల్ల వేరు, పదకొండింటికి టీచరు చూసే పిల్ల వేరు. నా దగ్గరికి మధ్యాహ్నం వచ్చేసరికి తల్లి చెప్పిన బిగుతు కనబడదు. దాంతో 'బడి ఎగ్గొట్టడానికి నాటకం' అన్న ముద్ర పడిపోతుంది. దెబ్బలు తిన్న పిల్లలూ ఉన్నారు.

కిందటి వానాకాలంలో ఒక రెండో తరగతి పిల్లను తల్లి తీసుకొచ్చింది. బల్ల మీద కూర్చోబెట్టి రెండు మోకాళ్లూ పక్కపక్కన చూశాను. కుడి మోకాలి చిప్పకు రెండు వైపులా పల్లాలున్నాయి. ఎడమ వైపు పల్లాలు పూడిపోయి మోకాలు గుండ్రంగా ఉంది. చేతి వెనకవైపు ఆనిస్తే వెచ్చగా తగిలింది. మడమను పిరుదుకు ఆనించమంటే నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. మఠం వేసుకోమంటే ఎడమ కాలు చాపుకునే కూర్చుంది. మధ్యాహ్న భోజనానికి వరండాలో అలాగే కూర్చుంటుందట, టీచరు కాలు మడవమని అరుస్తుందట. పడుకోబెట్టి కొలిస్తే ఎడమ కాలే కాస్త పొడుగు. వాచిన మోకాలికి రక్తం ఎక్కువగా చేరి చిన్నపిల్లల్లో ఆ కాలు ముందు ఎదుగుతుంది. అంటే ఈ వాపు నిన్న మొన్నటిది కాదు.

తల్లి చేతిలో క్యారీబ్యాగు నిండా కాగితాలు. ఏఎస్ఓ ఎక్కువుందని ఒక రిపోర్టు. దాని ఆధారంగా మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేస్తున్నట్టు కార్డు. 'ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్' అని ఇంకోటి, దాని కింద 'వాతం కాదు' అన్న రాత. మామూలుగా ఉన్న ఎక్స్‌రే. ఆ కాగితాల్లో కంటి డాక్టరు చీటీ మాత్రం ఒక్కటీ లేదు. పంపించి చూపిస్తే ఎడమ కంటి లోపల వాపు బయటపడింది. నల్లగుడ్డు అంచు లోపలి లెన్సుకు అతుక్కోవడం మొదలైంది. కన్ను ఎర్రబడలేదు, నొప్పి లేదు, నీరు కారలేదు. ఆ పిల్ల ఏనాడూ కంటి గురించి ఫిర్యాదు చేయలేదు.

ఆ సంచిలోని ప్రతి కాగితానికీ ఎవరో డబ్బు కట్టారు. ఒక్కటీ దారి చూపించలేదు. ఇది ఏదో ఒక డాక్టరు తప్పు కాదు. మన దగ్గర ఈ జబ్బును వెతికే పద్ధతే తలకిందులుగా ఉంది.

ఏఎస్ఓ సంగతే చూడండి. గొంతులో స్ట్రెప్టోకోకస్ సూక్ష్మజీవి ఎప్పుడో చేరి వెళ్లిందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. బడికి వెళ్లే వయసులో ఏ జబ్బూ లేని పిల్లల్లోనూ అది ఎక్కువ ఉండొచ్చు. నిజమైన రుమాటిక్ జ్వరంలో నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు దూకుతుంది, ఆస్పిరిన్ వేస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, కొన్ని వారాల్లో కీళ్లను విడిచిపెడుతుంది. జేఐఏ అలా దూకదు. పట్టిన కీలును పట్టుకునే నెలలు కూర్చుంటుంది. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లకు పెన్సిలిన్ గుండెను కాపాడే మందు, దాన్ని ఎవరూ ఆపకూడదు. ఆ జ్వరమే రాని పిల్లకు ఆ సూది నొప్పి తప్ప ఏమీ ఇవ్వదు, పైగా వైద్యం జరుగుతోందన్న భరోసాతో ఏడాది గడిచిపోతుంది.

ఆర్ఏ ఫ్యాక్టర్ జేఐఏ ఉన్న పిల్లల్లో ఇరవై మందిలో ఒకరికే పాజిటివ్ వస్తుంది. కాబట్టి నెగెటివ్ అయినంత మాత్రాన జబ్బు లేదని కాదు. ఏఎన్ఏ పరీక్ష కంటికి ముప్పు ఎంతుందో చెప్పడానికి పనికొస్తుంది గానీ జబ్బును నిర్ధారించడానికి కాదు. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్ మామూలుగా ఉండొచ్చు. ఎక్స్‌రేలో ఎముక అరుగుదల కనబడిందంటే మనం అప్పటికే ఆలస్యమైనట్టు. ఈ జబ్బును పట్టేది డాక్టరు చెయ్యి, తల్లి చెప్పే పొద్దుటి కథ. రక్తపరీక్షలు ఎక్కువగా వేరే జబ్బులు కావని తేల్చుకోవడానికి.

ఆ తేల్చుకోవడం మాత్రం తప్పనిసరి. ఒక్క కీలే ఒక్కసారిగా వాచి, జ్వరంతో పిల్లాడు కాలు కదపనివ్వకపోతే అది చీము పట్టిన కీలు కావచ్చు. అది ఆ పూటే ఆస్పత్రికి చేర్చవలసిన అత్యవసరం. నెమ్మదిగా వాచే ఒంటి కీలు మన దేశంలో క్షయ కూడా కావచ్చు. కనబడే వాపు కంటే నొప్పి చాలా ఎక్కువై, రాత్రి నిద్రలోంచి లేపుతూ, పిల్లాడు పాలిపోతూ ఉంటే రక్త క్యాన్సర్ కాదని రుజువు చేసుకున్నాకే స్టెరాయిడ్ ముట్టుకోవాలి. ముందే స్టెరాయిడ్ పడితే క్యాన్సర్ కొన్నాళ్లు ముసుగు వేసుకుంటుంది. ఎదిగే వయసు నొప్పులు వేరు: రెండు కాళ్లకూ సాయంత్రమో రాత్రో వస్తాయి, నూనె రాసి పిసికితే తగ్గుతాయి, తెల్లారితే పిల్లాడు మామూలే. పొద్దున్న కుంటితే అవి ఎదిగే నొప్పులు కావు. ఈ ఒక్క వాక్యం ప్రతి ఏఎన్ఎంకూ, ఆశాకూ తెలిస్తే చాలా మంది పిల్లలు త్వరగా బయటపడతారు.

జేఐఏ అంతా ఒకే రూపంలో ఉండదు. వైద్యులు దాన్ని ఏడు రకాలుగా విడదీశారు. చిన్న ఆడపిల్లల్లో ఒకటి రెండు పెద్ద కీళ్లకు వచ్చేది ఒకటి. కంటికి ఎక్కువ ముప్పు దాంట్లోనే. పది పన్నెండేళ్ల మగపిల్లల్లో మడమ వెనక, తుంటి, చీలమండ దగ్గర మొదలై తర్వాత నడుముకు పాకేది ఇంకొకటి. మన దేశంలో ఇది తరచుగా కనబడుతుంది, ఆటల్లో దెబ్బ తగిలిందని చెప్పి నెలల తరబడి బ్యాండేజీ కట్టేదీ దీనికే. చేతి వేళ్ల నుంచి దవడ దాకా చాలా కీళ్లకు వచ్చేది మరొకటి. దవడ కీలు దెబ్బతింటే గడ్డం ఎదగక చిన్నదైపోతుంది, నోరు పూర్తిగా తెరుచుకోదు.

అన్నిటిలో ప్రమాదకరమైనది ఒళ్లంతటికీ సంబంధించిన రకం. రోజూ ఇంచుమించు ఒకే వేళకు జ్వరం ఎగబాకుతుంది, తగ్గాక పిల్లాడు కాస్త తేరుకుంటాడు. జ్వరంతోపాటు ఒంటి మీద లేత ఎర్రటి మచ్చలు వచ్చి పోతాయి. చామనచాయ ఒంటి మీద అవి తేలిగ్గా కనబడవు. టైఫాయిడ్ అని ఒక కోర్సు, తగ్గలేదని ఇంకో కోర్సు యాంటీబయాటిక్స్ నడుస్తాయి. కీళ్ల వాపు కొన్ని వారాల తర్వాతే బయటపడొచ్చు. ఈ పిల్లల్లో కొందరికి రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి, రక్తంలో ఫెరిటిన్ విపరీతంగా పెరిగి, ప్లేట్‌లెట్లు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. అప్పటిదాకా ఎక్కువగా ఉన్న ఈఎస్ఆర్ ఒక్కసారి తగ్గితే సంతోషపడకూడదు. ఈ ముప్పుకు అది ఒక గుర్తు.

మరి బడిలో మీ బృందం ఏం చేయాలి? కొత్త యంత్రం కొననక్కర్లేదు. ఇంగ్లండులోని న్యూకాసిల్ వైద్యుల బృందం బడి ఈడు పిల్లల కోసం తయారుచేసిన పీగాల్స్ అనే పరీక్ష 2006 నుంచి వాడుకలో ఉంది. దానికి పట్టేది దాదాపు రెండు నిమిషాలు. ముందు మూడు ప్రశ్నలు. కీళ్లలో గానీ నడుములో గానీ నొప్పి, బిగుతు ఉన్నాయా? బట్టలు సొంతంగా వేసుకోగలుగుతున్నారా? మెట్లెక్కడానికి, దిగడానికి ఇబ్బంది ఉందా? ఆ తర్వాత కొన్ని పనులు చేయించాలి. మునివేళ్ల మీద నడువు, మడమల మీద నడువు. చేతులు చాపి పిడికిలి బిగించు. నమస్కారం పెట్టు, ఇప్పుడు అరచేతుల వెనకవైపులు కలుపు. చేతులెత్తి ఆకాశం అందుకో. చెవిని భుజానికి ఆనించు. నీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టించు. వంగి కాలివేళ్లు ముట్టుకో. చివరికి మోకాళ్లలో నీరు చేరిందేమో చేత్తో చూడాలి. పిల్లలు దీన్ని ఆటలా చేసేస్తారు. దీనికి నేను ఒక్కటే కలుపుతాను: మఠం వేసుకుని కూర్చుని, చేతులు నేలకు ఆనించకుండా లేవమనండి. మన పిల్లలు రోజూ చేసే పని కాబట్టి చేయలేని పిల్ల వెంటనే తెలిసిపోతుంది.

బృందంలో ఆయుష్ డాక్టర్లు, ఏఎన్ఎం, ఫార్మసిస్టు ఇప్పటికే ఉన్నారు. వాళ్లకు ఒక పూట శిక్షణ, కార్డులో ఒక గడి చాలు. ఇంకో సూచన: బడికి వీలైనంత పొద్దున్నే వెళ్లమనండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్తే సగం మంది తప్పించుకుంటారు.

పట్టుకోవడం ఒక ఎత్తు. పట్టుకున్న పిల్లను ఎటు పంపాలన్నది ఇంకో ఎత్తు. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. పిల్లల కీళ్లవైద్యంలో ప్రత్యేకంగా తర్ఫీదు ఇచ్చేవి చండీగఢ్ పీజీఐ, లక్నో సంజయ్ గాంధీ పీజీఐ లాంటి కొద్ది సంస్థలే. శ్రీకాకుళం మన్యం నుంచో ఆసిఫాబాద్ నుంచో కూలీ తండ్రి నెలనెలా హైదరాబాద్‌కు రాలేడు. రెండుసార్లు వస్తాడు, మూడోసారి మానేస్తాడు. కాబట్టి ప్రతి సర్కారు మెడికల్ కాలేజీలో వారానికి ఒక రోజు పిల్లల కీళ్ల ఓపీ పెట్టండి. ఆ కాలేజీ పిల్లల విభాగం నుంచి ఒకరిని కొన్ని నెలల శిక్షణకు పంపండి. మొదటి నిర్ధారణ పెద్ద ఆస్పత్రిలో జరిగితే ఆపైన మందు సర్దుబాటు ఈ ఓపీలోనో, ఈ-సంజీవని టెలిమెడిసిన్ ద్వారానో చేయొచ్చు. కీలు వాపు ఆరు వారాలు దాటిన ఏ పిల్లయినా ఆ ఓపీకి చేరాలన్నది లిఖితపూర్వక ఆదేశం కావాలి.

ఇక మందుల సంగతి. 'దీనికి వైద్యం లేదట కదండీ' అని అడగని తండ్రి లేడు. ఒకప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉండేది, ఇప్పుడు లేదు. ముందు నాప్రాక్సెన్, ఐబుప్రోఫెన్ లాంటి వాపు తగ్గించే మందులు. ఒకటి రెండు కీళ్లకే ఉంటే కీలు లోపలికే స్టెరాయిడ్ ఇంజెక్షన్. చాలా మందికి నెలల తరబడి వాపు మళ్లీ రాదు. తగ్గకపోయినా, ఎక్కువ కీళ్లకు ఉన్నా మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కరోజే వేసుకునే మాత్ర. రోజూ వేస్తే రక్తకణాలు పడిపోయి ప్రాణం పోవచ్చు. అందుకే చీటీ మీద 'ప్రతి ఆదివారం మాత్రమే' అని వారం పేరు తెలుగులో రాసి గీత గీస్తాను. ఫోలిక్ యాసిడ్ తోడుగా ఇస్తాం, కొన్ని నెలలకోసారి రక్తం, కాలేయం పరీక్షలు చేయిస్తాం. మందు పని చూపడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఆ రెండు మూడు నెలల్లోనే చాలా మంది చేజారిపోతారు. మెడికల్ షాపు కుర్రాడు 'ఇది క్యాన్సర్ మందండీ' అంటాడు. అందులో అబద్ధం లేదు, కాకపోతే క్యాన్సర్‌కు వాడే మోతాదుతో పోలిస్తే ఇది చాలా చిన్నది. తండ్రి భయపడి ఆపేస్తాడు. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే చిన్న మాత్రకు రెండో రోజే పిల్ల లేచి ఆడుతుంది. అది స్టెరాయిడ్ అని ఎవరూ చెప్పరు. నెలల తర్వాత ముఖం ఉబ్బి, ఎత్తు ఆగిపోయి, కంటిలో శుక్లం వచ్చి, కీళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్న పిల్ల మా దగ్గరికి వస్తుంది. దీనికి తోడు పథ్యం. వాతం చేస్తుందని పప్పు, పెరుగు, గుడ్డు, బంగాళాదుంప మాన్పిస్తారు. ఏ పప్పూ ఈ జబ్బు తేదు, ఏ పథ్యమూ దీన్ని తగ్గించదు. వాపుతో ఆకలి చచ్చి చిక్కిపోయిన పిల్లకు ఉన్న కాస్త మాంసకృత్తులూ సున్నమూ తీసేయడమే జరుగుతుంది. అంగన్‌వాడీలో గుడ్డు తప్పక తినిపించాలని మీ మాటగా వెళ్తే ఇంట్లో పెద్దవాళ్లు వింటారు.

మెథోట్రెక్సేట్ మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. నెల మందు కొద్ది వందల రూపాయల లోపే. అయినా జిల్లా కేంద్రం దాటితే సర్కారు మందుల కౌంటర్లో దొరకడం కష్టం. దానికీ లొంగని పిల్లలకు బయలాజిక్స్ అనే ఇంజెక్షన్లు ఉన్నాయి. 1999లో ఎటనర్‌సెప్ట్‌కు అమెరికాలో పిల్లల కీళ్లవాతానికి అనుమతి వచ్చాక ఈ వైద్యం రూపమే మారిపోయింది. తర్వాత అడాలిముమాబ్ వచ్చింది. జ్వరంతో వచ్చే రకానికి టోసిలిజుమాబ్ వచ్చింది. ఇవి మనకు అందనివేమీ కావు. అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి ప్రతిరూప మందును, అంటే బయోసిమిలర్‌ను 2014లో మన జైడస్ కంపెనీయే విడుదల చేసింది. నోటితో వేసుకునే టోఫాసిటినిబ్‌ను రెండేళ్లు దాటిన పిల్లలకు అమెరికా ఎఫ్‌డీఏ 2020లో అనుమతించింది, ఇక్కడ జెనెరిక్‌గా దొరుకుతోంది. క్షయ లేదని ముందే పరీక్షించుకుని, టీకాల లెక్క చూసుకుని వాడాలి. ఖర్చు పేదవాడి చేతిలో లేదు. కానీ ఈ మందులు కావలసిన పిల్లలు కొద్ది మందే.

మన ఆరోగ్యశ్రీ తరహా పథకాలు 2007 నుంచి లక్షల కుటుంబాలను ఆదుకున్నాయి. వాటి నడక ఎక్కువగా ఆపరేషన్ చుట్టూ, ఆస్పత్రిలో చేరడం చుట్టూ ఉంటుంది. ఈ జబ్బుకు మంచం అక్కర్లేదు. ఏళ్ల తరబడి ఓపీ మందులు, రక్తపరీక్ష, కంటి పరీక్ష, ఫిజియోథెరపీ కావాలి. ఆస్పత్రిలో చేరని పిల్లకు ఇవన్నీ పూర్తిగా అందేలా ప్యాకేజీ రాయండి.

డబ్బు గురించి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. వైద్యం అందని పిల్ల మోకాలు కొన్నేళ్లకు వంకరగా బిగుసుకుపోతుంది. అప్పుడు ఆ కుటుంబాన్ని ఊరివాళ్లు సదరం క్యాంపుకు పంపిస్తారు. వైకల్యం శాతం వేసి సర్టిఫికెట్ ఇస్తారు. దివ్యాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలైంది, తెలంగాణలో 2023లో 4,016కి పెరిగింది. ఆ పింఛను ఇవ్వవలసిందే, అందులో ఒక్క రూపాయి తగ్గించమని నేను అనను. కానీ కీలు బాగున్నప్పుడు నెలకు కొద్ది వందల మందు ఇవ్వని ఖజానా, అది బిగుసుకుపోయాక జీవితాంతం వేలు ఇస్తోంది. చివర్లో తుంటి, మోకాలు మార్పిడికి లక్షలు కూడా అదే ఇస్తుంది. మీ ఆర్థిక శాఖ అభ్యంతరం చెబితే ఈ లెక్క ముందు పెట్టండి.

కంటి సంగతి వేరుగా చెబుతున్నాను, ఎందుకంటే ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు. టార్చిలైటుకు ఆ వాపు కనబడదు, స్లిట్ ల్యాంప్ అనే పరికరం కావాలి. ముప్పు ఎక్కువున్న చిన్నపిల్లలకు తొలి ఏళ్లలో మూడు నెలలకోసారి చూడాలి, మోకాలు తగ్గినా చూడాలి. స్లిట్ ల్యాంపులు మన జిల్లా ఆస్పత్రుల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి పల్లెల దాకా కేంద్రాలున్నాయి. పరికరం, మనిషి రెండూ ఉన్నాయి. జేఐఏ అని రాసిన ప్రతి చీటీతో పాటు కంటి పరీక్ష తేదీ కూడా పడాలన్న నియమం ఒక్కటే లేదు.

ఈ ఉత్తరం నకలు మీ పక్క కుర్చీలోని విద్యాశాఖ మంత్రులకూ ఇవ్వండి. వేళ్లు వాచిన పిల్ల పదో తరగతి పరీక్షలో మూడు గంటలు ఆగకుండా రాయలేదు. అదనపు సమయం కోసం ఆమె శాశ్వత వైకల్యం సర్టిఫికెట్ తేవలసిన పని ఉండకూడదు, వైద్యం చేస్తున్న సర్కారు డాక్టరు చీటీ సరిపోవాలి. బడికి కనీసం ఒక కమోడ్ లెట్రిన్ ఉండాలి. తరగతి పై అంతస్తులో ఉంటే ఆ పిల్లకోసం కిందికి మార్చాలి. పొద్దున అసెంబ్లీకి ఆలస్యమైతే శిక్ష వేయకూడదు. అలాగని ఆటలు మాన్పించకూడదు. ఈత, సైకిల్, జబ్బు అదుపులో ఉంటే కబడ్డీ కూడా ఆడొచ్చు. కదలని కీలే త్వరగా బిగుసుకుంటుంది.

నేను అడుగుతున్నవి ఐదు.

1. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కార్డులో మీ రాష్ట్రం తరఫున కీళ్ల పరీక్ష చేర్చండి. 30తో ఆగాలన్న నిర్బంధం మీకు లేదు.

2. ప్రతి సర్కారు మెడికల్ కాలేజీలో వారానికొక పిల్లల కీళ్ల ఓపీ, ఆరు వారాలు దాటిన వాపుకు తప్పనిసరి రిఫరల్.

3. ఏరియా ఆస్పత్రి దాకా మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ ఉచితంగా. అవసరమైన కొద్దిమందికి బయలాజిక్స్ ఓపీ ప్యాకేజీలో.

4. జేఐఏ ఉన్న ప్రతి పిల్లకూ తేదీతో సహా కంటి పరీక్ష కార్డు.

5. ఏఎస్ఓ రిపోర్టు ఒక్కదాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి సూదులు వేయకూడదని, స్టెరాయిడ్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని స్పష్టమైన సర్క్యులర్.

ఇందులో మొదటిదీ, నాలుగోదీ, ఐదోదీ ఖజానాకు దాదాపు ఖర్చు లేనివి. మార్చి 18ని ప్రపంచవ్యాప్తంగా చిన్నారుల కీళ్ల జబ్బుల దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు ర్యాలీలు, ఉపన్యాసాలు అక్కర్లేదు. ఆలోపు ఈ మూడు ఆదేశాల మీద సంతకం పడితే చాలు.

శిక్షణ ఎవరిస్తారన్న ప్రశ్న వస్తే మా జిల్లా బృందాలకు నేను ఇస్తాను. ఆదివారాలు, ఫీజు లేకుండా, ఏ మండలానికి రమ్మంటే ఆ మండలానికి వస్తాను. రెండు రాష్ట్రాల పిల్లల డాక్టర్లలో నాలా ముందుకొచ్చేవాళ్లు ప్రతి జిల్లాలో ఒకరైనా దొరుకుతారు. మీరు ఉత్తర్వు ఇవ్వండి, బడి తెరిచిన వారంలోనే పని మొదలుపెడతాం.

భవదీయుడు,
సరిహద్దు జిల్లాలోని ఒక పిల్లల డాక్టరు